బాబీ జోన్స్ మళ్లీ విద్యార్థి అయిన రోజు

అట్లాంటాలో ఉండే మనవాళ్లకు ఈస్ట్ లేక్ గోల్ఫ్ క్లబ్ పేరు తెలిసే ఉంటుంది. 1902లో పుట్టిన బాబీ జోన్స్ ఆడుతూ పెరిగింది అక్కడే. క్లబ్ కోచ్ స్టూవర్ట్ మెయిడెన్ వెనకాలే తిరిగి, ఆయన స్వింగ్ చూసి చూసి పట్టేశాడు. 1923లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. చదువులోనూ తక్కువేం కాదు. జార్జియా టెక్‌లో మెకానికల్ ఇంజనీరింగ్, హార్వర్డ్‌లో ఇంగ్లీషు చదివి, తర్వాత లాయరయ్యాడు.

అందరూ 1930లో అతను ఒకే ఏడాది నాలుగు పెద్ద టోర్నీలు గెలవడం గురించే చెబుతారు. నాకు మాత్రం 1924 ఇష్టం. పటింగ్, అంటే గ్రీన్ మీద బంతిని దొర్లించి గుంటలో వేయడం, అతని బలహీనత. అప్పటికే ఛాంపియన్ అయిన 22 ఏళ్ల కుర్రాడు అగస్టాలో 62 ఏళ్ల వాల్టర్ ట్రావిస్ ముందు విద్యార్థిలా నిలబడ్డాడు. ట్రావిస్ గోల్ఫ్ మొదలుపెట్టిందే ముప్పై దాటాక, కానీ పటింగ్‌లో దిట్ట. పాదాలు బాగా దగ్గరికి జరిపించాడు, చేతుల పట్టు మార్పించాడు, బంతి వెనక చిన్న మేకు ఉందనుకుని దాన్ని దిగగొట్టినట్టు కొట్టమన్నాడు. గెలిపించిన అలవాటును మార్చుకోవడం ఎంత కష్టమో, కారు నడపడం ఇక్కడికొచ్చి మళ్లీ నేర్చుకున్న మనకు తెలుసు. జోన్స్ మార్చుకున్నాడు. ఆ ఏడాదే యూఎస్ అమెచ్యూర్ గెలిచాడు.

బంతి గుంట దగ్గరికి వచ్చేసరికి వేగం చచ్చిపోవాలన్నది జోన్స్ పద్ధతి. గుంట వెడల్పు 4.25 అంగుళాలే. జోరుగా వచ్చే బంతి అంచుకు తగిలి బయటికి పోతుంది, నెమ్మదిగా వచ్చేది పక్క నుంచైనా జారి పడుతుంది. ఫిజిక్స్ చదివినదాన్ని, నాకిది వెంటనే ఎక్కింది. అందుకే కార్పెట్ మీద అంతే వెడల్పున్న గుండ్రటి కాగితం పెట్టి మా అబ్బాయితో ప్రాక్టీస్ చేయిస్తాను. మూడడుగులు, ఆరడుగులు, పదడుగుల నుంచి కొట్టాలి, బంతి కాగితం మీదే ఆగాలి. అడుగు దాటిపోతే మళ్లీ మూడడుగుల నుంచి మొదలు. వాడు విసుక్కుంటాడు, అది వేరే సంగతి.

1929 యూఎస్ ఓపెన్ చివరి గుంట దగ్గర జోన్స్‌కు పన్నెండడుగుల పట్ మిగిలింది. తప్పితే ఓటమే. బంతి పాకుతున్నట్టు అంచు దాకా వెళ్లి లోపల పడింది. స్కోరు సమమైంది. ప్లేఆఫ్‌లో ఎస్పినోసాను 23 స్ట్రోకుల తేడాతో ఓడించాడు.

28 ఏళ్లకే పోటీల నుంచి తప్పుకున్నాడు. 1931లో వార్నర్ బ్రదర్స్ కోసం గోల్ఫ్ పాఠాల చిన్న సినిమాలు చేస్తే, అందులో మొదటిది పటర్ గురించే. 1948 తర్వాత ఆడలేదు. వెన్నుపాము జబ్బు ఆ చేతుల్లో పట్టు తీసేసింది. చేతికర్ర, ఆ తర్వాత చక్రాల కుర్చీ. 1971లో పోయాడు.

సమాధి అట్లాంటా ఓక్‌లాండ్ శ్మశానంలో ఉంది. చూడటానికి వచ్చినవాళ్లు దాని దగ్గర గోల్ఫ్ బంతులు పెట్టి వెళ్తుంటారు. మా వాడు పెట్టినది కార్పెట్ మీద అరిగిన పాత బంతి.