తెరమీది అత్తగారు

సూర్యకాంతం అనేది ఒక శిల పేరు. సూర్యకిరణాలు సోకినంతనే అది నిప్పులు చిమ్ముతుందని కావ్యాలలో వర్ణనలు కనిపిస్తాయి. వెన్నెలకు ద్రవించే చంద్రకాంతశిల దానికి తోబుట్టువు వంటిది. ఇంత అందమైన పేరును ఒకప్పుడు తెలుగువారు తమ ఆడపిల్లలకు ముచ్చటపడి పెట్టుకునేవారు. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో ఆ పేరు క్రమంగా వాడుక నుండి తప్పుకొన్నది. పేరులో దోషమేమీ లేదు. ఆ పేరుగల ఒక నటి వెండితెరపై గయ్యాళి అత్తగా చెరగని ముద్ర వేయడమే అందుకు కారణం. నోరుగల స్త్రీని సూర్యకాంతమని పిలవడం పల్లెల్లోనూ పట్టణాల్లోనూ పరిపాటి అయింది. నటనకు ఇంతకన్న గొప్ప ప్రశంస లేదనవచ్చు. ఆ ప్రశంసను నాలుగు దశాబ్దాలకు పైగా మోసిన మనిషికి అది ఎంత బరువై ఉంటుందో తలపోసినవారు మాత్రం తక్కువ.

సూర్యకాంతం 1924 అక్టోబరు 28న కాకినాడ సమీపంలోని వెంకటకృష్ణరాయపురంలో జన్మించింది. తల్లిదండ్రులకు ఆమె పద్నాలుగవ సంతానం. ఆరేళ్ళ ప్రాయంలోనే పాటా ఆటా నేర్చుకొన్నది. చిన్నతనంలోనే తండ్రి నీడ కోల్పోయింది. పెరిగే వయస్సులో గోడలపై అంటించిన హిందీ చిత్రాల ప్రకటనలు ఆమె చూపులను కట్టివేశాయి. ఆ రంగుల కాగితాల మీది కథానాయికల స్థానంలో తనను తాను ఊహించుకొన్నది. కులస్త్రీలు నాటకాలలో, సినిమాలలో వేషం కట్టడాన్ని సమాజం చిన్నచూపు చూసే కాలమది. అయినా ఆమె పట్టుదలతో మద్రాసు చేరింది.

అక్కడ ఆమెకు మొదట దొరికింది నాయిక పాత్ర కాదు. జెమినీ స్టూడియో అధినేత ఎస్.ఎస్. వాసన్ భారీ వ్యయంతో నిర్మిస్తున్న ‘చంద్రలేఖ’లో నర్తకిగా అవకాశం లభించింది. ఏళ్ళ తరబడి నిర్మాణం సాగి 1948లో విడుదలైన ఆ చిత్రంలో ఆమె గుంపులో ఒక ముఖం మాత్రమే. ఈలోగా 1946లో ‘నారద నారది’, ‘గృహప్రవేశం’ చిత్రాలలో సహాయ పాత్రలు ధరించింది. 1949లో వచ్చిన ‘ధర్మాంగద’లో ఆమెది మూగ వేషం. తరువాతి కాలంలో ఏ గొంతు వినబడగానే ప్రేక్షకులు నవ్వుతూ నిటారుగా కూర్చున్నారో, ఆ గొంతుకు అక్కడ ఒక్క మాటైనా లేదు! చిన్నా చితకా వేషాలతో విసిగి బొంబాయి వెళ్ళాలని తలచింది. చేతిలో డబ్బు లేక ఆ ప్రయాణం మానుకొన్నది.

అంతలో ఆమె కల నిజమయ్యే తరుణం వచ్చింది. ‘సౌదామిని’ చిత్రంలో నాయిక పాత్రకు ఆమెను ఎంపిక చేశారు. దురదృష్టవశాత్తు ఆ సమయంలోనే కారు ప్రమాదంలో ఆమె ముఖానికి గాయమైంది. సినిమా నాయికకు ముఖమే మూలధనం. ఆ పాత్ర చేజారిపోయింది. గాయం మానినా, అద్దం ముందు నిలిచినప్పుడల్లా ఆ యువతి మనస్సు ఏమని తల్లడిల్లిందో మనం ఊహించుకోవలసిందే. ఇటువంటి గతే హిందీ నటి లలితా పవార్‌కూ పట్టింది. 1942లో చిత్రీకరణ వేళ చెంపదెబ్బ బలంగా తగిలి ఆమె ముఖంలో ఒక భాగం చచ్చుబడింది, ఎడమ కన్ను దెబ్బతిన్నది. అంతవరకూ నాయికగా వెలిగిన ఆమె ఆ తరువాత కఠినురాలైన అత్త పాత్రలకు పేరుపొందింది. ఉత్తరాదిన ఒకరు, దక్షిణాదిన ఒకరు. ఇద్దరినీ గాయమే అత్తగారి పీట మీద కూర్చోబెట్టింది.

1950లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో ‘సంసారం’ వెలువడింది. సూర్యకాంతం తొలిసారి గయ్యాళి పాత్ర ధరించింది అందులోనే. అప్పటికి ఆమెకు 26 ఏళ్ళు. లోకరీతిలో అది కోడలి వయస్సు. నిజజీవితంలోనూ ఆమె పెద్దిభొట్ల చలపతిరావును వివాహమాడి కాపురానికి వచ్చింది ఆ సంవత్సరమే. ఇంట కొత్తకోడలు, తెరమీద కోడండ్రను రాచిరంపాన పెట్టే అత్త!

కొంతకాలానికి బొంబాయి నిర్మాత ఒకరు ఆమెకు నాయిక పాత్ర ఇస్తానన్నాడు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పిలుపది. అయితే ఆ పాత్రకు ముందుగా తీసుకొన్న మరొక నటిని తొలగించి తనకు ఇస్తున్నారని ఆమెకు తెలిసింది. మరొకరి కంటినీటి మీద తన భాగ్యాన్ని నిర్మించుకోవడానికి ఆమె అంగీకరించలేదు. చేతికందిన పాత్ర తప్పిపోవడం ఎటువంటిదో ఆమెకు తెలియనిది కాదు. ఆమె జీవితంలో నాయిక కాగల అవకాశం మళ్ళీ రాలేదు. తెరమీద పరుల సొమ్ము కాజేసే పాత్రలకు చిరునామాగా మారిన స్త్రీ చేసిన పని ఇది.

ఇక ఆమె నటన సంగతి. అప్పటి తెలుగు చిత్రాలలో అధికభాగం ఉమ్మడి కుటుంబాల కథలు. అత్త పెట్టే ఆరళ్ళు ప్రేక్షకులకు, ముఖ్యంగా స్త్రీలకు, అనుభవంలో ఉన్నవే. ఇంట నోరెత్తలేని కోడలు సినిమా హాలులో అత్తను చూసి మనసారా తిట్టుకోగలిగేది, ఆమె భంగపడినప్పుడు పకపకా నవ్వగలిగేది. ఆ భాగ్యం సూర్యకాంతం కలిగించింది. ఎడమచేయి విసురుతూ, కొంగు దోపుకొంటూ ఆమె సాగించే దండకం వంటి సంభాషణలో తిట్టుకు కూడా ఒక లయ ఉండేది. క్షణంలో గొంతు మార్చి కంటనీరు పెట్టుకొనేది. ఎదుటివారు మెత్తబడగానే మళ్ళీ విరుచుకుపడేది. రేలంగి, రమణారెడ్డి వంటి హాస్యనటుల సరసన ఆమె కోపం కూడా హాస్యంగా పరిణమించేది. ఆమె పాత్రలో క్రౌర్యం కన్న అమాయకత్వం పాలు ఎక్కువ. అందుకే ప్రేక్షకులు ఆమెకు భయపడ్డారు గాని ఆమెను అసహ్యించుకోలేదు.

ఈ మాటకు 1962 నాటి ‘గుండమ్మ కథ’ నిదర్శనం. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన ఈ చిత్రంలో ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, ఎస్.వి. రంగారావు, సావిత్రి, జమున నటించారు. రామారావుకు ఇది నూరవ చిత్రం. ఇంతమంది హేమాహేమీలు ఉన్నా చిత్రానికి పేరు సూర్యకాంతం ధరించిన పాత్ర పేరే. గుండమ్మ సవతికూతురిని దాసిగా చూస్తుంది. కన్నకూతురిని గారాబంతో చెడగొడుతుంది. చివరకు ఛాయాదేవి ధరించిన దుర్గ ఆ ఇంట చొరబడి గుండమ్మనే హింసించే ఘట్టం వస్తుంది. అంతవరకూ గుండమ్మకు శాస్తి జరగాలని కోరుకొన్న ప్రేక్షకుడే అక్కడ అయ్యో అనుకొంటాడు. ఒకే పాత్రపై కోపాన్నీ జాలినీ రాబట్టడం సామాన్యమైన విషయం కాదు. నాయికగా ఎన్ని చిత్రాలలో నటించినా ఆమెకు ఇటువంటి గౌరవం దక్కి ఉండేదా అనిపిస్తుంది. ఆమె మాత్రం ఆ మాటకు సంతోషించి ఉండేదో లేదో!

1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఆమె హిడింబి. ఘటోత్కచుడుగా నటించిన రంగారావు 1918లో జన్మించినవాడు, అంటే ఆమెకన్న ఆరేళ్ళు పెద్ద. అంతటి విగ్రహం గల నటుని ముందు కన్నతల్లిగా నిలిచి ఒప్పించడం ఆమెకే చెల్లింది. వయస్సు కన్న ముదురు పాత్రలు ధరించడం వల్ల ఆమె యౌవనం తెరమీద కనిపించనే లేదు.

చిత్రీకరణ లేని వేళ ఆమె మరొక మనిషి. ఇంట స్వయంగా వండిన పదార్థాలను స్టూడియోకు తెచ్చి తోటి నటీనటులకు కొసరి కొసరి వడ్డించేది. ఆమెతో పనిచేసిన పలువురు ఆ రుచులను ఏళ్ళ తరువాత కూడా తలచుకొన్నారు. అన్నం పెట్టడంలో ఎంత ధారాళమో పారితోషికం దగ్గర అంత ఖచ్చితం. రావలసినది రావలసిందే. దీనిని కొందరు గయ్యాళితనమే అనుకొని ఉండవచ్చు. నటీమణులు కష్టార్జితాన్ని అడగలేక పోగొట్టుకొన్న ఉదంతాలు తెలిసినవారు ఆ మాట అనరు. ఆమెకు సంతానం కలగలేదు. సోదరి కుమారుని దత్తత తీసుకొని పెంచింది. తెరమీద ఎందరికో సవతితల్లి అయిన ఆమె ఇంట జరిగినది ఇది.

1970 తరువాత ఉమ్మడి కుటుంబ కథలు పలుచబడ్డాయి. కొత్త కథలలో అత్తగారికి చోటు తగ్గింది. అయినా దర్శకులు ఆమెను మరచిపోలేదు. తిరుపతిలోని శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. పద్మ పురస్కారం మాత్రం ఏదీ ఆమెను వరించలేదు. మలివయస్సులో ఆరోగ్యం సహకరించకపోయినా ముఖానికి రంగు వేసుకోవడం మానలేదు. 1994లో విడుదలైన ‘ఎస్.పి. పరశురామ్’లో కూడా నటించింది. ఆ సంవత్సరమే డిసెంబరు 18న ఆమె కన్నుమూసింది. ఒకనాడు గాయపడిన ముఖంతో పనికిరాదనిపించుకొన్న నటి, ఆ ముఖంతోనే కడదాకా కెమెరా ఎదుట నిలిచింది.