మేలు మరువని శాస్త్రవేత్త

వేపచెట్టును మనం రోజూ చూస్తాం. దాని చేదులో ఏముందో ప్రయోగశాలలో విడదీసి చూపిన డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఆయన 1897లో బారాబంకీ జిల్లాలో జన్మించారు. అలీగఢ్‌లో తత్వశాస్త్రం చదివి జర్మనీ వెళ్లారు. 1927లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో రసాయనశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. ఆ చదువుకు అండగా నిలిచినవారు ఢిల్లీలోని ప్రసిద్ధ యూనానీ వైద్యులు హకీం అజ్మల్ ఖాన్. తరతరాలుగా హకీములు వాడుతున్న మూలికలను ఆధునిక పద్ధతుల్లో పరిశోధించాలన్నది హకీం గారి ఆశయం. అది నెరవేరకముందే, 1927 చివరిలో, ఆయన కన్నుమూశారు.

సిద్దీఖీ గారు ఆ ఆశయాన్ని వదల్లేదు. ఢిల్లీ తిబ్బియా కాలేజీలో పరిశోధన ప్రారంభించారు. 1931లో సర్పగంధి వేరు నుంచి గుండె లయపై పనిచేసే పదార్థాన్ని వేరుచేశారు. దానికి తన పేరు పెట్టుకోలేదు, అజ్మలీన్ అని పెట్టారు! గుండె లయలో దాగివున్న ఒక లోపాన్ని కనిపెట్టే పరీక్షలో వైద్యులు నేటికీ దాన్ని వాడుతున్నారు.

1942లో వేపనూనె నుంచి నింబిన్ మొదలైన పదార్థాలను వెలికితీశారు. 1951లో పాకిస్తాన్ వెళ్లారు. తొంభై ఏళ్లు దాటినా పరిశోధన మానలేదు. 1994లో కరాచీలో మరణించారు.

మన పిల్లలకు సైన్సు చదివిద్దాం. దానితోపాటు, చదివించినవారి మేలు మరువకూడదని కూడా నేర్పుదాం.