హెలెన్ కెల్లర్ ఇచ్చిన తీర్పు

హెలెన్ కెల్లర్ పేరు వినగానే, చేతిపంపు నుంచి జాలువారే నీటి కింద చేయి చాచి నిలిచిన చిన్నారి బాలిక కన్నుల ముందు మెదలుతుంది. ఆ ఘట్టాన్ని బడిపిల్లలు సైతం ఎరుగుదురు. అంధత్వాన్నీ బధిరత్వాన్నీ జయించిన ధీరవనితగా లోకం ఆమెను కీర్తించింది. ఆ కీర్తి ఊరక వచ్చినది కాదు. అయితే ఆ బాలికే పెరిగి పెద్దదై, ముప్పై అయిదేళ్ళ ప్రాయంలో, వైకల్యంతో పుట్టిన ఒక పసికందును బతికించకపోవడమే ఉచితమని లోకం ఎదుట వాదించిందన్న సంగతి ఎరిగినవారు తక్కువ. ఆ వాదాన్ని విడిచిపెట్టి ఆమె జీవితకథ చెప్పడం సులభమే. కాని అది సగం కథే అవుతుంది.

హెలెన్ 1880 జూన్ 27వ తేదీన అమెరికా దక్షిణ ప్రాంతంలోని అలబామా రాష్ట్రంలో, టస్కంబియా అనే చిన్న పట్టణంలో జన్మించింది. తండ్రి ఆర్థర్ కెల్లర్ అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల పక్షాన పోరాడిన సైనికాధికారి. ఆపైన ఒక పత్రికకు సంపాదకుడయ్యాడు. తల్లి పేరు కేట్. పుట్టుకతో శిశువుకు ఏ లోపమూ లేదు. పందొమ్మిదవ నెలలో తీవ్రమైన జ్వరం సోకింది. వైద్యులు ఆశ వదులుకున్నారు. ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగానూ జ్వరం విడిచిపోయేసరికి ఇంటిల్లిపాదీ సంతోషించారు. పోతూ పోతూ అది బిడ్డ చూపునూ వినికిడినీ వెంట తీసుకుపోయిందని వారికి కొన్నాళ్ళకు గాని తెలియలేదు. అది మెదడు పొరల వాపు అయి ఉండవచ్చునని తరువాతి కాలపు వైద్యులు భావించారు.

తరువాతి అయిదేళ్ళు చీకటి, నిశ్శబ్దం. మాట నేర్చే వయసులోనే మాట ఆగిపోయింది. ఆకలి, దాహం, ప్రేమ, కోపం అన్నీ తాను కల్పించుకున్న సైగలతోనే తెలుపుకొనేది. ఎదుటివారికి అవి అర్థం కాకపోతే నేలపై పడి దొర్లేది, చేతికందినవి విసిరికొట్టేది. బంధువులలో కొందరు ఆ పిల్లకు బుద్ధి మాంద్యమని నిశ్చయించుకున్నారు. తల్లి మాత్రం ఆశ వదలలేదు. ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ అమెరికా పర్యటన గురించి రాసిన గ్రంథంలో లారా బ్రిడ్జ్‌మన్ అనే అంధబధిర బాలిక విద్య నేర్చిన వృత్తాంతం ఆమె చదివింది. ఆ దారి పట్టుకొని తల్లిదండ్రులు బాల్టిమోరులోని కంటి వైద్యుని వద్దకూ, అక్కడి నుంచి వాషింగ్టన్‌లో టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహంబెల్ వద్దకూ వెళ్ళారు. బెల్ సలహా మీద బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధ విద్యాలయానికి లేఖ రాశారు. ఆ విద్యాలయం పంపిన ఉపాధ్యాయినియే ఆనీ సలివన్.

ఆనీ వయసు అప్పటికి ఇరవై ఏళ్ళు. నిరుపేద ఐరిష్ వలస కుటుంబంలో పుట్టి, ట్రకోమా వ్యాధితో చూపు చాలా వరకు కోల్పోయి, తల్లి మరణానంతరం తమ్మునితో కూడ ట్యూక్స్‌బరీ బీదల శరణాలయంలో చేరిన అభాగ్యురాలు ఆమె. కుంటివాడైన ఆ తమ్ముడు కొద్ది నెలలకే అక్కడ మరణించాడు. లోకం పనికిరారని తీసివేసినవారంతా చేరే చోటు ఎలా ఉంటుందో ఆనీకి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. పలుమార్లు శస్త్రచికిత్స జరిగాక కొంత చూపు తిరిగి వచ్చింది. 1887 మార్చి 3వ తేదీన ఆమె టస్కంబియాలో అడుగుపెట్టింది. వేళ్ళతో అక్షరాలను గుర్తులుగా శిష్యురాలి అరచేతిలో రాయడం ఆమె పద్ధతి. నెల రోజులు హెలెన్ ఆ గుర్తులను ఆటగా అనుకరించిందే తప్ప వాటి భావం గ్రహించలేదు. ఏప్రిల్ నెలలో ఒకనాడు పంపు వద్ద, ఒక చేతిపై నీరు ప్రవహిస్తుండగా రెండవ చేతిలో ఆనీ నీటికి చెందిన అక్షరాలు మళ్ళీ మళ్ళీ రాసింది. ప్రతి వస్తువుకూ ఒక పేరుంటుందన్న ఎరుక ఆ క్షణంలో కలిగింది. ఆ పూట గడిచేలోగా ఆ బాలిక ఎన్నో పేర్లు నేర్చుకుంది.

ఆపై చదువు వడివడిగా సాగింది. బ్రెయిలీ లిపి నేర్చింది. కష్టపడి నోటితో పలకడం సాధన చేసింది. 1900లో రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరింది. ఆచార్యుల ఉపన్యాసాలను ఆనీ ఆమె అరచేతిలో రాస్తూ కూర్చునేది. 1904లో గౌరవశ్రేణిలో పట్టం పుచ్చుకుంది. అంధబధిరులలో ఆ పట్టం పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. చదువుకొనే రోజులలోనే, 1903లో, వెలువడిన ఆత్మకథను ఆమె గ్రాహంబెల్‌కు అంకితం చేసింది.

కీర్తి వచ్చాక హెలెన్ కూర్చుండిపోలేదు. నవజాత శిశువులకు కలిగే అంధత్వంలో అధికభాగం నివారింపదగినదని తెలుసుకుంది. తల్లికి ఉన్న సుఖవ్యాధి ప్రసవ సమయంలో బిడ్డ కళ్ళకు సోకుతుంది; పుట్టిన వెంటనే సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే ఆ ముప్పు తొలగుతుంది. నలుగురిలో ఆ వ్యాధి పేరెత్తడమే తప్పుగా భావించే ఆ కాలంలో, 1907లో, ఒక మహిళా పత్రికలో ఆమె ఈ విషయం నిస్సంకోచంగా రాసింది. అంధత్వానికి మూలం పేదరికంలోనూ కర్మాగారాల దుస్థితిలోనూ ఉందని గ్రహించి 1909లో సోషలిస్టు పార్టీలో చేరింది. స్త్రీల వోటు హక్కు కోసం, కార్మికుల కోసం, యుద్ధానికి వ్యతిరేకంగా సభలలో ప్రసంగించింది.

ఇంతటి అభ్యుదయవాదికి ఆ కాలపు మరొక భావం కూడా అభ్యుదయంగానే తోచింది. అదే సుజననశాస్త్రం. 1883లో ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్ దానికి యుజెనిక్స్ అని పేరు పెట్టాడు. రైతు మేలిరకం విత్తనాన్ని ఏరినట్లు, మనుషులలోనూ యోగ్యులు సంతానం కనాలి, అయోగ్యులు కనరాదు అన్నది దాని సారాంశం. ఎవరు యోగ్యులో నిర్ణయించేవారు తమను ఎన్నడూ అయోగ్యుల జాబితాలో వేసుకోలేదన్నది వేరే మాట. అమెరికాలో ఇండియానా రాష్ట్రం 1907లోనే బలవంతంగా సంతానం కలగకుండా చేసే చట్టాన్ని తెచ్చింది. అటువంటి చట్టం లోకంలో అదే మొదటిది. గ్రాహంబెల్ కూడా ఈ ఉద్యమానికి దగ్గరివాడే. బధిరులు బధిరులనే వివాహమాడితే మానవజాతిలో బధిర శాఖ ఒకటి ఏర్పడుతుందని 1883లో ఆయన ఒక పత్రం సమర్పించాడు. ఆయన తల్లీ భార్యా ఇద్దరూ వినికిడి లేనివారే. చట్టంతో అటువంటి వివాహాలను నిషేధించాలని ఆయన కోరలేదు గాని, అవి తగ్గాలనే కోరుకున్నాడు. హెలెన్‌ను చీకటిలో నుంచి వెలుపలికి తెచ్చే దారి చూపినది ఆ చేయే.

1915 నవంబరు 12వ తేదీన షికాగోలోని ఒక వైద్యశాలలో బొలింజర్ దంపతులకు మగశిశువు జన్మించాడు. దేహంలో పలు వైకల్యాలున్నాయి. పేగు మూసుకొని ఉంది. శస్త్రచికిత్స చేస్తే ఆ శిశువు బతికే అవకాశం ఉంది. హారీ హైసెల్డెన్ అనే వైద్యుడు శస్త్రచికిత్స చేయనన్నాడు. బతికినా ఆ బిడ్డ బతుకు వ్యర్థమని తల్లిదండ్రులను ఒప్పించాడు. అంతటితో ఆగక పత్రికలవారిని పిలిచి తన నిర్ణయాన్ని ప్రకటించాడు. శిశువు నవంబరు 17న మరణించాడు. దేశమంతటా వివాదం చెలరేగింది. షికాగోలో పేదల సేవకు అంకితమైన జేన్ ఆడమ్స్ వంటివారు వైద్యుణ్ణి ఖండించారు, సమర్థించినవారూ అనేకులు. హైసెల్డెన్ ఆ తరువాత ఇదే ఇతివృత్తంతో తీసిన ద బ్లాక్ స్టార్క్ అనే చలనచిత్రంలో వైద్యుని పాత్ర తానే ధరించాడు. పాశ్చాత్యుల కథలలో పసిబిడ్డను తెచ్చి ఇచ్చేది కొంగ. ఈ కొంగ నల్లనిది.

ఆ డిసెంబరులో న్యూ రిపబ్లిక్ పత్రికలో హెలెన్ కెల్లర్ వ్యాసం వెలువడింది. ఆమె వైద్యుని పక్షం వహించింది. ఆనందం, తెలివి, శక్తి కలిగే అవకాశం ఉన్నప్పుడే ప్రాణానికి పవిత్రత అనీ, ఆలోచన లేని దేహానికి అది లేదనీ ఆమె వాదం. మనోవైకల్యం కలవాడు పెరిగి నేరస్థుడు కాగలడన్న ఆనాటి అపోహను కూడా ఆమె నమ్మింది. అయితే ఇటువంటి అధికారం ఒక్క వైద్యుని చేతిలో ఉండరాదని, నిపుణులైన వైద్యులతో ఒక న్యాయసభను ఏర్పరచాలని సూచించింది. బుద్ధి వికసించే ఆశ ఏమాత్రమూ లేని శిశువుల విషయంలోనే ఆ సభ తీర్పు చెప్పాలన్నది ఆమె నియమం. న్యాయస్థానాలలో సాక్షుల మాట తప్పు కావచ్చు గాని, వైద్యుల పరీక్ష శాస్త్రీయం కనుక తప్పు కాదని ఆమె విశ్వాసం.

ఆ విశ్వాసాన్ని ఆమె సొంత బాల్యంతో పోల్చి చూడక తప్పదు. అయిదు రోజుల పసికందులో బుద్ధి వికసిస్తుందో లేదో తేల్చగల పరీక్ష 1915లో లేదు. ఆరేళ్ళు నిండిన హెలెన్‌ను చూసి కూడ పెద్దలు తేల్చలేకపోయారు. పంపు వద్దకు నడిచిన ఆ ఉదయానికి ముందురోజు వైద్యుల న్యాయసభ ఏదైనా టస్కంబియాకు వచ్చి ఉంటే దాని నిర్ణయం ఎలా ఉండేదో ఊహించవచ్చు. హెలెన్ ఈ పోలికను ఎందుకు చూడలేదు? దేహం వేరు, బుద్ధి వేరు అని ఆమె గీత గీసుకుంది. చూపూ వినికిడీ లేకున్నా తనకు బుద్ధి ఉంది కనుక తాను గీతకు ఈవల ఉన్నాననుకుంది. బుద్ధిమాంద్యమన్న ముద్ర తన మీద నుంచి ఎంతో శ్రమతో చెరుపుకొన్న మనిషి, ఆ ముద్ర ఇంకా మిగిలి ఉన్నవారికి దూరంగా నిలబడాలనుకోవడం వింత కాదు. అది అర్థం చేసుకోదగినదే గాని ఒప్పుకోదగినది కాదు.

ఏడాది తిరగకుండానే ఆ గీత ఆమె గడప మీదికే వచ్చింది. 1916లో ఆనీ అస్వస్థురాలై ఉండగా, కార్యదర్శిగా తాత్కాలికంగా వచ్చిన పీటర్ ఫాగన్ అనే యువకుడూ హెలెనూ పరస్పరం ప్రేమించుకున్నారు. బోస్టన్‌లో రహస్యంగా వివాహ అనుమతికి దరఖాస్తు చేశారు. ఆ వార్త పత్రికలకు పొక్కింది. తల్లి తీవ్రంగా వ్యతిరేకించి కుమార్తెను అలబామాకు తీసుకుపోయింది. అంధబధిర స్త్రీ గృహిణి కావడం, తల్లి కావడం ఆనాటి వారికి ఊహకందని విషయం. హెలెన్ అంధత్వం వంశానుగతం కానే కాదు. అది జ్వరం వలన వచ్చినది. అయినా ఆ లెక్క ఎవరూ చూడలేదు. ఆమె జీవితాంతం అవివాహితగానే ఉండిపోయింది.

సుజననవాదం అటుపై మరింత బలపడింది. 1927లో అమెరికా అత్యున్నత న్యాయస్థానం బలవంతపు శస్త్రచికిత్సలు రాజ్యాంగ సమ్మతమేనని తీర్పు చెప్పింది. ఆ దేశంలో అరవై వేలమందికి పైగా వాటికి గురయ్యారు. జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చిన 1933లో రెండు సంగతులు జరిగాయి. మే 10వ తేదీన విద్యార్థులు వీధులలో పుస్తకాలు తగులబెట్టారు. వాటిలో హెలెన్ సోషలిస్టు వ్యాసాల సంపుటి కూడా ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో కళ్ళు పోయిన జర్మన్ సైనికులకు ఆ దేశంలో తన గ్రంథాలపై వచ్చే సొమ్మును ఇచ్చివేసిన రచయిత్రి ఆమె. ఆ విద్యార్థులకు ఆమె బహిరంగ లేఖ రాసి నిరసన తెలిపింది. జూలైలో వంశానుగత వ్యాధుల చట్టం వచ్చింది. పుట్టుగుడ్డితనం, పుట్టుచెవుడు దానిలో పేర్కొన్నవే. ఆ చట్టం కింద సుమారు నాలుగు లక్షలమందికి సంతానం లేకుండా చేశారు. 1939 నుంచి వికలాంగులనూ మనోరోగులనూ చంపడం ఆరంభమైంది. రోగిని చూడనైనా చూడకుండా, ముగ్గురు వైద్యులు పత్రాలను పరిశీలించి, చావవలసినవారి పేరుకు ఎదురుగా ఒక గుర్తు పెట్టేవారు. 1941 ఆగస్టు నాటికి విషవాయువు గదులలో ప్రాణాలు కోల్పోయినవారే డెబ్భై వేలు. హెలెన్ కోరిన సభ ఇది కాదు. కాని వైద్యుల పరీక్ష పక్షపాత రహితమన్న ఆమె నమ్మకం ఎంత పెళుసైనదో ఆ పత్రాలు చూపుతాయి.

ఆమె తన మాట మార్చుకున్నదా? పూర్వపు వ్యాసాన్ని వెనక్కు తీసుకుంటున్నట్లు బహిరంగ ప్రకటన ఏదీ ప్రసిద్ధిలో లేదు. అయితే 1938లో అదే షికాగోలో ఒక పసిపాప కళ్ళకు వ్రణం పుట్టింది. శస్త్రచికిత్స చేస్తే చూపు పోతుంది. చేయకుంటే ప్రాణం పోతుంది. గుడ్డిబతుకు ఎందుకన్న ప్రశ్న మళ్ళీ లేచింది. ఈసారి హెలెన్ శస్త్రచికిత్స చేసి బిడ్డను బతికించాలని కోరింది. అంధత్వం ఆమె గీతకు ఈవలిదే గనుక, పాత అభిప్రాయం మారిందని దీని వలన రుజువు కాదు. అయినా, ఇరవై మూడేళ్ళ తరువాత అదే నగరంలో మరొక శిశువు విషయంలో ఆమె మాట బతుకు పక్షాన ఉంది.

1936లోనే ఆనీ కన్నుమూసింది. ఆపై పాలీ థామ్సన్ ఆమెకు తోడుగా నిలిచింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గాయపడిన సైనికుల వైద్యశాలలలో హెలెన్ మంచం మంచం వద్దకూ వెళ్ళింది. 1948లో హిరోషిమా, 1955లో భారతదేశం సందర్శించింది. ఆ ఏడాదే హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి గౌరవ పట్టం అందుకున్న మొదటి మహిళ అయింది. 1968 జూన్ 1వ తేదీన కనెక్టికట్‌లోని స్వగృహంలో, ఎనభై ఎనిమిదవ పుట్టినరోజుకు కొద్ది వారాల ముందు, నిద్రలోనే మరణించింది. వాషింగ్టన్ జాతీయ ప్రార్థనాలయంలో ఆనీ, పాలీల అవశేషాల సరసన ఆమె చితాభస్మాన్ని ఉంచారు. అక్కడి కంచు ఫలకం మీద బ్రెయిలీ అక్షరాలు కూడా ఉన్నాయి. వచ్చినవారు వాటిని వేళ్ళతో తడిమి చూసి వెళుతుంటారు.