గ్రహణం చూసిన ఇల్లాలు, కొలువు పోయిన మాస్టారు

2022 అక్టోబరు 25న సూర్యగ్రహణం. ఆ రోజు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లాను. మా ఆడబిడ్డ కూతురికి ఏడో నెల. సాయంత్రం కాకముందే పిల్లను గదిలో పడుకోబెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టేశారు. కదలకూడదు, గోరు గిల్లకూడదు, మంచినీళ్లు ముట్టకూడదు. లేకపోతే పుట్టేబిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందట! పెదవీ, అంగిలీ గర్భం మొదటి మూడు నెలల్లోనే కలిసిపోతాయి. ఏడో నెలలో కొత్తగా చీలేదేముంది? బోటనీతో బి.ఎస్సీ. చదివిన నాకు ఈ సంగతి తెలుసు. అయినా పెద్దవాళ్ల ముందు నోరు పెగల్లేదు.

ఆ రాత్రి నాకు ఇంకో బోటనీ మాస్టారు గుర్తొచ్చారు. ఆయనే గోరా, గోపరాజు రామచంద్రరావు గారు.

1902 నవంబరు 15న ఇప్పటి ఒడిశాలోని ఛత్రపురంలో పుట్టారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబం. 1922లో సరస్వతమ్మతో పెళ్లయ్యేనాటికి ఆమెకు పదేళ్లు! మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బోటనీ ఎం.ఏ. చేసి మధుర, కోయంబత్తూరు, కొలంబోల్లో కొలువులు చేశారు. తనకు తెలిసిన సైన్సును క్లాసు గదిలో వదిలేసి ఇంటికొచ్చే మనిషి కాదు. దయ్యాలకొంప అని జనం జడిసే ఇంట్లో కాపురం పెట్టి చూపించారు. జంధ్యం తీసేశారు, ఇంటికి దూరమయ్యారు.

ఇంతకీ ధైర్యం ఎవరిదంటే, నేను మాత్రం సరస్వతమ్మదే అంటాను. కడుపుతో ఉండి గ్రహణం వేళ బయట తిరిగింది, గ్రహణం చూసింది. మాటలు చెప్పింది ఆయన, ఒళ్లు పణంగా పెట్టింది ఆమె. తొమ్మిదిమంది బిడ్డల తల్లి. పేపర్లలో మన ఆరోగ్య సందేహాలకు జవాబులు చెప్పిన డాక్టర్ సమరం గారు వాళ్లలో ఒకరే.

1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ గోరా గారిని ఉద్యోగం నుంచి తీసేసింది. పాఠం రాకకాదు, దేవుణ్ణి నమ్మనని బాహాటంగా చెప్పినందుకు. నెల జీతం ఆగితే ఇంట్లో ఎట్లా ఉంటుందో మనకు వేరే చెప్పాలా? తర్వాత బందరు హిందూ కాలేజీలో చేరారు. అక్కడా ఆయన అభిప్రాయాలు ఇమడలేదు. ఇక కొలువులకు దండం పెట్టి, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. అన్ని కులాలవాళ్లనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టారు. 1942లో సరస్వతమ్మ పసిబిడ్డతోనే జైలుకెళ్లింది. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

గాంధీ గారితో గోరా గారు వాదించేవారు, ఆశ్రమంలోనూ ఉండేవారు. పెద్దకూతురు మనోరమను దళిత యువకుడికిస్తానంటే గాంధీ సరేనన్నారు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యమని చెప్పించడానికీ ఒప్పుకున్నారు. ఆయన హత్య జరిగాక, 1948 మార్చిలో సేవాగ్రాంలో ఆ పెళ్లి అయింది.

1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూనే గోరా గారు కన్నుమూశారు. సరస్వతమ్మ 2006 దాకా ఉన్నారు.

మా ఆళ్లగడ్డ పిల్లకు జనవరిలో కాన్పయింది. బిడ్డ బాగుంది. పథ్యం పాటించాం కాబట్టే అంటున్నారు ఇంట్లో. గ్రహణం నాటి సాయంత్రం ఆ పిల్ల తలుపు వెనకనుంచి రెండుసార్లు మంచినీళ్లు అడిగింది. చెంబు నా చేతికందేంత దూరంలోనే ఉండింది.