స్ప్రూ, బోదకాలుపై పోరాడిన యల్లాప్రగడ

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. యౌవనంలోనే ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొంది. పేగులు పోషకాలను గ్రహించలేక విరేచనాలు, రక్తహీనత దీర్ఘకాలం పీడించే వ్యాధి ఇది. ఆయనకూ అదే వ్యాధి రాగా, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలోని హార్వర్డ్‌లో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు ఈ విటమిన్ లోపం ముఖ్య కారణం. సోదరుల ప్రాణాలు తీసిన వ్యాధికి అలా మందు లభించింది. దోమల ద్వారా వ్యాపించే పురుగుల వల్ల వచ్చే బోదకాలుకు డైఇథైల్‌కార్బమజైన్‌నూ ఆయన బృందమే అందించింది. 1948లో, 53 ఏళ్ల వయసులో, అమెరికాలోనే కన్నుమూశారు. భారత్‌లో బోదకాలు నిర్మూలనకు నేటికీ ఆ మాత్రలను పంపిణీ చేస్తున్నారు.