ఊగే ఓడలోనూ తప్పని టైమ్

ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టులో లోపాలేంటని అడిగితే తడబడుతున్నారా? అయితే జాన్ హారిసన్ గురించి తెలుసుకోండి.

హారిసన్ 1693లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో వడ్రంగి కొడుకుగా పుట్టాడు. కాలేజీ గడప తొక్కలేదు. చెక్కతోనే గడియారాలు చేయడం నేర్చుకున్నాడు. అప్పట్లో నడిసముద్రంలో ఓడ తూర్పు, పడమరల్లో ఎంత దూరం వచ్చిందో తెలిసేది కాదు. భూమి 4 నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది. అంటే బయల్దేరిన రేవులో ఇప్పుడు టైమెంతో తెలిస్తే చాలు, ఓడ ఉన్నచోటి టైమ్‌తో పోల్చి రేఖాంశం లెక్కకట్టొచ్చు. చిక్కల్లా ఓడ ఊగితే లోలకం లయ తప్పడమే. దీనికి పరిష్కారం చూపితే 20,000 పౌండ్ల దాకా ఇస్తామని 1714లో బ్రిటిష్ పార్లమెంటు ప్రకటించింది.

హారిసన్ లోలకాన్నే తీసేశాడు. రెండు కడ్డీలను స్ప్రింగులతో కలిపి, ఎదురెదురుగా ఊగేలా పెట్టాడు. 1736లో లిస్బన్ ప్రయాణంలో ఆ గడియారం పనితీరు మెప్పించింది. ఆగిపోవచ్చు కదా? ఆగలేదు. రెండోది తయారుచేశాక, ఓడ పక్కకు మళ్లినప్పుడు కడ్డీల లయ మారిపోతుందని తనే పసిగట్టాడు. ఎవరూ తప్పు పట్టకముందే దాన్ని పక్కన పెట్టేశాడు. మూడోదానికి 19 ఏళ్లు పట్టింది. చివరికి భారీ యంత్రాలను వదిలి, 13 సెంటీమీటర్ల వాచీ చేశాడు. అందులోని చక్రం సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది. అంత వేగం ముందు ఓడ ఊపు లెక్కలోకి రాదు.

1761లో కొడుకు విలియం దాన్ని జమైకాకు తీసుకెళ్లాడు. ముందే తెలిసిన రోజువారీ తేడాను సరిచేసి చూస్తే, 81 రోజులకు తప్పింది దాదాపు 5 సెకన్లే! అయినా అధికారులు మళ్లీ పరీక్ష పెట్టారు. పార్లమెంటు జోక్యంతో మిగతా సొమ్ము అందేసరికి 1773 వచ్చింది. అప్పటికి హారిసన్‌కు 80 ఏళ్లు. మరో మూడేళ్లకు కన్నుమూశాడు.

మీరు ఈసీఈ విద్యార్థులైతే ఈ కథ మీ సబ్జెక్టే. టెలికాం నెట్‌వర్కుల్లో క్వార్ట్జ్ ఆసిలేటర్లను జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలతో సరిదిద్దుతుంటారు. వాటికీ కదలికతో ఇబ్బందే. కుదుపులు, వంపులు క్రిస్టల్ ఫ్రీక్వెన్సీని మారుస్తాయి. ఒకేచోట ఉంటుందన్న లెక్కతో సెట్ చేసిన రిసీవర్‌ను 3 మీటర్లు జరిపితే, టైమ్‌లో 10 నానోసెకన్ల దాకా తేడా రావచ్చు. ఎందుకంటే కాంతి నానోసెకనుకు 30 సెంటీమీటర్లు వెళ్తుంది.

ల్యాబ్ టేబుల్ మీద పనిచేసిన మీ సర్క్యూట్‌ను ఓసారి బస్సులో పెట్టి చూడండి. ఎక్కడ తప్పిందో రాసుకోండి. ఇంటర్వ్యూలో ముందు ఆ కాగితమే తీయండి.