గబ్బిలంతో కబురు పంపిన కవి

ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష... మన పిల్లలు ఈ లక్షణాలను వల్లె వేస్తారు, పరీక్షలో రాస్తారు, ఆపై మర్చిపోతారు. అలంకారం అంటే మాటకు తొడిగే నగ అనుకోవడమే దీనికి కారణం. నేరుగా చెప్పలేని బాధకు అది దారి చూపుతుందని గుర్రం జాషువా జీవితం చెబుతుంది.

జాషువా 1895 సెప్టెంబరు 28న పల్నాటి సీమలోని వినుకొండలో పుట్టారు. తల్లిదండ్రులవి వేర్వేరు కులాలు. బడిలోనూ, పెద్దయ్యాక కవుల సభల్లోనూ అంటరానితనం ఆయన్ను వెంటాడింది. పొట్టకూటికి మూకీ సినిమాలకు కథ చెప్పారు, గుంటూరులో పంతులుగా పనిచేశారు. పద్యాన్ని మాత్రం వదల్లేదు.

1941లో ఆయన ‘గబ్బిలం’ వెలువడింది. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. ఆ యక్షుడున్న రామగిరి మన మహారాష్ట్రలోని రాంటెక్ అని పలువురు పండితులు అంటారు. ఇలా దూతతో కబురు పంపే కావ్యాన్ని సందేశ కావ్యం అంటాం. జాషువా ఆ పద్ధతినే తీసుకుని, యక్షుడి చోట ఆకలితో ఉన్న ఒక దళితుణ్ణి నిలిపారు. అతనికి గుడిలోకి ప్రవేశం లేదు. గబ్బిలానికి అడ్డే లేదు, గుడి కప్పుకే వేలాడుతుంది. అందుకే తన గోడు శివుడికి విన్నవించమని దాన్ని వేడుకుంటాడు. ఆ దూతను ఎంచుకోవడంలోనే సగం ఫిర్యాదు ఉంది.

‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ ఆయన్ను వరించాయి. 1971 జులై 24న కన్నుమూశారు.

భివండీలో తెలుగు చదివే మన పిల్లల్లో చాలామందికి తాతా నాయనమ్మలు ఊళ్లోనే ఉన్నారు. వాళ్లకు కబురు పంపాలంటే ఎవరిని దూతగా పంపుతారో రాయమందాం. ఒకరు వానమబ్బు అంటారు, ఒకరు రైలు అంటారు, ఇంకొకరు సాంచా మీద దిగిన బట్ట అంటారు. ఎందుకు దాన్నే ఎంచుకున్నావని అడుగుదాం.

సాంచా రైలులా మోగుతోందని పిల్లవాడు అంటే అది ఉపమ. సాంచా ఉపమేయం, రైలు ఉపమానం, మోగడం సమాన ధర్మం, ‘లా’ ఉపమావాచకం. సాంచాయే మా ఇంటి అన్నపూర్ణ అంటే అది రూపకం. ఇంట్లో అమ్మానాన్నలూ ఈ ఆట ఆడించవచ్చు. ముందు పిల్లల మాట విందాం, పేరు తర్వాత చెబుదాం.